మహమ్మారి కాలంలో మన కషాయం: 1896 నుంచి 2021 దాకా



ఈ పోస్టు పొడుగ్గా ఉంటది. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. ఈసారి మిరప గురించి, శనగ గురించి రాయడం లేదు.

మొన్న చేలో కంచె బాగు చేస్తుంటే వేపచెట్టు మీదికి పాకిన తిప్పతీగ కనపడింది. చేతిలో కొడవలి ఉంది. కోయబోయి ఆగిపోయినా. 2021 మే నెలలో ఇదే తీగ కోసి, దంచి, కాచి, మా మేనత్తకు ఆరు రోజులు పోసింది నేనే. ఆ సంగతి చివర్లో చెప్తా. ముందు మన తాతముత్తాతల కాలంలో ఏం జరిగిందో చెప్పాలి. ఎందుకంటే మా అత్త చేసిన పనే నూటపాతికేళ్ళుగా మన దేశంలో బీదాబిక్కీ చేస్తానే ఉన్నారు. నేను చదివింది ఇంటర్మీడియట్టే. కానీ అత్త పోయిన తర్వాత దీని గురించి దొరికిందల్లా చదివినా, తెలిసిన డాక్టర్లను అడిగినా. అందులో గట్టిగా తేలినవే ఇక్కడ రాస్తున్నా.

ప్లేగు వచ్చినప్పుడు

1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది. ఇంగ్లీషు ప్రభుత్వం 1897లో అంటువ్యాధుల చట్టం తెచ్చింది. 2020లో మనకు కరోనా ఆంక్షలు పెట్టింది కూడా ఆ పాత చట్టం కిందే. ఆ చట్టం బలంతో పూనాలో సోల్జర్లు ఇళ్ళల్లోకి జొరబడి, ఆడవాళ్ళని కూడా బయటికి పిలిచి పరీక్షలు చేసినారు. జబ్బు ఉందని అనుమానం వస్తే మనిషిని ఆస్పత్రికి, ఇంట్లోవాళ్ళని క్యాంపుకి తోలినారు. సామాన్లు తగలబెట్టినారు. జనానికి ఎంత మండిందంటే, ఆ పనికి పెద్దగా ఉన్న ర్యాండ్ అనే ఆఫీసరును 1897 జూన్‌లో కాల్చి చంపినారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ప్లేగు కంటే ఆస్పత్రికే జనం ఎక్కువ భయపడిన రోజులవి. పోయినవాడు తిరిగి రాడు, శవం కూడా చేతికి ఇయ్యరు అని భయం. జ్వరం వస్తే దాచిపెట్టేవాళ్ళు. ఇంట్లో దాచిపెట్టిన మనిషికి ఏం ఇయ్యగలరు? ఇంట్లో ఉండేదే ఇస్తారు. శొంఠి, మిరియం, తులసి, వేప.

మన తెలుగువాళ్ళకు తెలియాల్సిన మనిషి ఒకాయన ఆ కాలంలో ఉన్నాడు. మచిలీపట్నంలో పుట్టిన ఆయుర్వేద పండితుడు దీవి గోపాలాచార్యులు. తర్వాత మద్రాసులో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ప్లేగు రోగులకు ఆయన హైమాది పానకం, శతధౌత ఘృతం అనే మందులు ఇచ్చేవాడు. శతధౌత ఘృతం అంటే నూరుసార్లు నీళ్ళతో కడిగిన నెయ్యి. రోగి దగ్గరికి పోవడానికే మనుషులు భయపడే రోజుల్లో ఒక వైద్యుడు పోయి చెయ్యి పట్టి నాడి చూసినాడంటే, అదే సగం బలం. ఆయన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు.

అదే బొంబాయిలో హాఫ్‌కిన్ అనే ఆయన ప్లేగుకు టీకా తయారుచేసి, 1897 జనవరిలో ముందు తన ఒంటికే వేసుకున్నాడు. తర్వాత జైలు ఖైదీల్లో ఒప్పుకున్నవాళ్ళకు వేసి, వేయించుకోని వాళ్ళతో పోల్చి చూసినాడు. ఈ పోల్చి చూడడం అనే మాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తా.

1918, మా నాయనమ్మ చెప్పిన జబ్బు

మా నాయనమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఊళ్ళో పెద్ద జబ్బు వచ్చిందని చెప్పేది. ఒక ఇంట్లో నలుగురు పోతే మోయడానికి మనుషులు లేక బండి మీద వేసుకుపోయినారంట. వాళ్ళమ్మ రోజూ శొంఠి కషాయం కాచి, గంజి పోసి, పిల్లల్ని బతికించుకుందంట. అది 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

1918 జూన్‌లో బొంబాయి రేవులో మొదలైంది. మొదటిసారి కొంచెం తేలిగ్గా పోయింది. సెప్టెంబరు నుంచి రెండోసారి వచ్చింది చూడండి, అది ఊళ్ళు ఊడ్చుకుపోయింది. రైలు ఎక్కడెక్కడికి పోతే అక్కడికల్లా పోయింది. పైగా ఆ ఏడు వానలు లేవు. పంటలు ఎండినాయి, ధాన్యం ధర పెరిగింది, పశువులకు మేత లేదు. కడుపు కాలిన ఒళ్ళు జబ్బుకు ఎట్లా ఆగుతది? మన దేశంలోనే ఒక కోటీ ఇరవై లక్షల నుంచి ఒక కోటీ ఎనభై లక్షల మంది దాకా పోయినారని లెక్కలు కట్టినవాళ్ళు అంటారు. 1911 జనాభా లెక్కకూ 1921 లెక్కకూ నడుమ దేశ జనాభా పెరగకపోగా తగ్గింది. మన లెక్కల చరిత్రలో అట్లా తగ్గిన పదేళ్ళు అవి ఒక్కటే.

అందరూ ఒకే తీరున పోలేదు. బొంబాయి నగరం లెక్క చూడండి. తెల్లదొరలు వెయ్యికి 8 మంది పోయినారు. ఆనాటి కాగితాల్లో తక్కువ కులాలు అని రాసినవాళ్ళు వెయ్యికి 61 మంది పోయినారు. జబ్బు ఒకటే, గాలి ఒకటే. ఇరుకు గది, ఖాళీ కడుపు, పనికి పోకపోతే పూట గడవని బతుకు. తేడా అక్కడుంది.

అప్పుడు ఇంగ్లీషు డాక్టర్ల దగ్గర మాత్రం ఏముంది? చాలామంది డాక్టర్లు యుద్ధానికి పోయినారు. ఉన్నవాళ్ళు క్వినైను ఇచ్చినారు, ఆస్పిరిన్ ఇచ్చినారు. జబ్బు కుదిర్చే మందు ఒక్కటీ లేదు. ఆ వైరసును మనిషి నుంచి పట్టుకున్నదే 1933లో. ఎక్కువ మంది పోయింది ఇన్‌ఫ్లుయెంజా వెనకాల వచ్చిన న్యుమోనియాతో. దానికి పనికొచ్చే పెన్సిలిన్‌ను కనిపెట్టింది 1928లో, జనానికి అందింది ఇంకా చాలా తర్వాత. అంటే 1918లో మనిషిని బతికించగలిగింది ఏందయ్యా అంటే వేడినీళ్ళు, గంజి, కదలకుండా పడుకోబెట్టడం, పక్కన ఒక మనిషి. మా నాయనమ్మ వాళ్ళమ్మ చేసింది అదే. అప్పటికి అంతకు మించిన వైద్యం ప్రపంచంలో ఎక్కడా లేదు. కషాయం ఆ గంజితో పాటు కడుపులోకి పోయింది. పేరు మాత్రం కషాయానికి వచ్చింది.

ఆ పేరే మన ఇళ్ళల్లో నూరేళ్ళు నిలబడింది. 1918లో అది సరైన పనే. 2021కి కాలం మారింది, మన నమ్మకం మారలేదు.

ఆకు మందు ఎప్పుడు అవుతది

ఆకుల్లో మందు లేదని అనేవాళ్ళతో నాకు తగాదా. మలేరియాకు క్వినైను ఎక్కడిది? దక్షిణ అమెరికాలో పెరూ కొండల్లో పెరిగే సింకోనా చెట్టు బెరడు. ఆ బెరడు పొడి కొట్టి తాగేవాళ్ళు. ఒక చెట్టు బెరడులో సత్తువ ఎక్కువ, ఇంకో చెట్టులో తక్కువ. ఒకడికి తగ్గేది, ఒకడికి తగ్గేది కాదు. 1820లో ఫ్రాన్సులో ఇద్దరు ఆ బెరడులోంచి క్వినైనును వేరుచేసినారు. అప్పటినుంచి ఎంత ఇయ్యాలో కొలత దొరికింది. 1860ల్లో ఆ చెట్లు తెచ్చి మన నీలగిరుల్లో కూడా తోటలు వేసినారు.

ఇంకో కథ ఇంకా బాగుంటది. చైనాలో 1967లో మలేరియా మందు కోసం రహస్యంగా ఒక పని మొదలుపెట్టినారు. అందులో తూ యూయూ అనే ఆమె పాత నాటు వైద్యం పుస్తకాలు తిరగేసి, రెండు వేలకు పైగా చిట్కాలు పోగేసింది. ఒక మాచిపత్రి జాతి మొక్క మీద గురి కుదిరింది. కానీ ఒకసారి పనిచేసి, ఇంకోసారి పనిచేయలేదు. పదహారు వందల ఏళ్ళ కిందటి పుస్తకంలో ఆ ఆకును నీళ్ళలో నానబెట్టి పిండుకోమని ఉంది, కాచమని లేదు. కాస్తే గుణం పోతుందేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడిలో తీసి చూసింది. పనిచేసింది. 1972లో ముందు తానే మింగింది, తర్వాత రోగులకు ఇచ్చింది. ఆ మందే ఆర్టెమిసినిన్. దానికి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది.

చూసినారా? పెద్దల మాట ఆమెకు దారి చూపించింది. కానీ పెద్దలు చెప్పినారు కాబట్టి నిజమని ఆమె అక్కడ ఆగిపోలేదు. ఏ ఆకు, ఎంత, ఎట్లా, ఎవరికి అని తేల్చింది. అట్లా తేలింది కూడా మలేరియాకే. 2020లో మడగాస్కర్ దేశంలో అదే జాతి మొక్కతో చేసిన పానీయాన్ని కరోనాకు మందని దేశాధ్యక్షుడే చెప్పి పంచినాడు. బడిపిల్లలకు కూడా తాగించినారు. ఆ తర్వాత అక్కడా కరోనా పెరిగింది.

2020, 2021లో మన దగ్గర

లాక్‌డౌన్ పెట్టిన వారంలోనే ఆయుష్ శాఖ వాళ్ళు తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి వేసిన కషాయం, పసుపు పాలు తాగమని చెప్పినారు. ఒంట్లో శక్తి కోసమని చెప్పినారు గానీ జబ్బు పోతుందని చెప్పలేదు. మన చెవిన పడేసరికి అది కరోనా మందు అయిపోయింది. మా ఊళ్ళో ప్రతి పొయ్యి మీదా గిన్నె. వావిలాకు, జామాయిలు ఆకు వేసి ఆవిరి పట్టని ఇల్లు లేదు.

అంతటితో ఆగితే బాగుండేది. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో పది పన్నెండు మంది ఉమ్మెత్త గింజల రసం తాగి ఆస్పత్రి పాలైనారు. ఫోన్లో ఎవరో వీడియో పెట్టినారంట. ఉమ్మెత్త కాయ మీద ముళ్ళు చూస్తే టీవీలో చూపించే కరోనా బొమ్మ లాగానే ఉంటది కాబట్టి అదే విరుగుడని. దేవుడి దయ, అందరూ బతికినారు. ఉమ్మెత్త తిన్న గొడ్డు ఏమవుతదో మనకు తెలుసు. భయం పట్టుకుంటే తెలిసిన సంగతి కూడా మర్చిపోతాం.

2021 మేలో నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య మందు మీ అందరికీ గుర్తే. ఆయన ఊరికే ఇచ్చినాడు. మిరియాలు, తేనె, నల్లజీలకర్ర, జిల్లేడు పూలు, వేపాకు లాంటివి వేసి చేసినదని చెప్పినారు. వేలమంది పోయినారు. అంబులెన్సుల్లో కూడా పోయినారు. ఒకరి మీద ఒకరు పడి నిలబడితే జబ్బు ఇంకా అంటుకుంటదని ప్రభుత్వం ఆపింది, పరీక్షలకు పంపింది. నెలాఖరుకు, హాని లేదు గానీ కరోనా తగ్గిస్తదని రుజువు లేదు, డాక్టరు ఇచ్చిన మందులు మాత్రం మానొద్దు అని చెప్పి అనుమతి ఇచ్చింది. కంటి చుక్కలకు అప్పుడు అనుమతి ఇయ్యలేదు. మా ఊరి నుంచి కూడా ఒక కారు మాట్లాడుకుని పోయినారు. వాళ్ళని ఎవరైనా నవ్వితే నాకు కోపం వస్తది. ఆస్పత్రిలో మంచం లేదు, ఆక్సిజన్ లేదు, లక్షల్లో అడ్వాన్సు కట్టమంటారు. ఊరికే ఇస్తానన్న మనిషి దగ్గరికి పోక ఎక్కడికి పోతారు?

ఇక తిప్పతీగ. దీన్ని అందరూ అమృతం అన్నారు. 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు లోపల ముంబైలో ఆరుగురు కామెర్లతో వస్తే, ఆరా తీస్తే అందరూ తిప్పతీగ వాడుతున్నారని అక్కడి డాక్టర్లు 2021లో రాసినారు. కాదు, అదే జాతిలో ఇంకో తీగను పొరపాటుగా వాడి ఉంటారు అని ఆయుష్ శాఖ అన్నది. ఆ తర్వాత 13 ఆస్పత్రుల డాక్టర్లు కలిసి ఇట్లాంటివాళ్ళు 43 మందిని లెక్క రాసినారు. లక్షల మంది తాగితే కొద్దిమందికే అయింది, నిజమే. కానీ ఆ కొద్దిమందిలో థైరాయిడ్, షుగరు లాంటివి ముందే ఉన్నవాళ్ళున్నారు. అంటే ఎవరికి రక్షణ అని పోస్తున్నామో వాళ్ళకే అపాయం.

చేలో మనం చేసే పనే

మందు పనిచేసిందో లేదో ఎట్లా తెలుస్తది? మన భాషలో చెప్తా. ఒక ఏడు నా అలసంద చేలో పేనుబంక పట్టింది. వేప కషాయం కొట్టినా. నాలుగు రోజులకి బంక పోయింది. కషాయం బ్రహ్మాండం అని ఊరంతా చెప్పినా. మా గట్టు పక్క రైతు నవ్వినాడు. ఆయన ఏమీ కొట్టలేదు, ఆయన చేలోనూ బంక లేదు. మూడో రోజు పడిన పెద్ద వాన కడిగేసింది. నేను నాలుగు సాళ్ళు కొట్టకుండా వదిలేసి ఉంటే నాకే తెలిసేది.

కరోనాలో నూటికి తొంభై మందికి పైగా ఏమీ చేయకపోయినా తగ్గేది. కషాయం తాగినోళ్ళకూ తగ్గింది, తాగనోళ్ళకూ తగ్గింది. తగ్గినవాడు వచ్చి కషాయం గొప్ప అంటాడు. తగ్గనివాడు చెప్పడానికి రాడు.

వదిలేసిన సాళ్ళ లెక్కనే ఇంగ్లండులో మనుషుల మీద చేసినారు. చీటీలు వేసినట్టు వేసి, డెక్సామెథాసోన్ అనే మందు 2,104 మందికి ఇచ్చినారు, 4,321 మందికి ఇయ్యకుండా మామూలు వైద్యం చేసినారు. 2020 జూన్‌లో తేలింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో చావులు మూడో వంతు తగ్గినాయి, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో ఐదో వంతు తగ్గినాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు మాత్రం ఏ లాభమూ లేదు. అది ఎప్పటినుంచో ఉన్న చవక మందు. బీదవాడికి అందే మందు. అదే పరీక్షలో హైడ్రాక్సీక్లోరోక్విన్ పనికిరాదని తేలింది. ప్లాస్మా కూడా తేలిపోయింది, మన దేశంలో 2021 మేలో చికిత్సల జాబితాలోంచి తీసేసినారు. అంటే ఇంగ్లీషు మందు అయినంత మాత్రాన గొప్పది కాదు, ఆకు అయినంత మాత్రాన పనికిమాలింది కాదు. పరీక్షకు నిలబడిందా లేదా అన్నదే చూడాలి. డెక్సామెథాసోన్ కూడా అవసరం లేనివాళ్ళకు, షుగరు ఉన్నవాళ్ళకు ఎడాపెడా ఇస్తే ఏమైందో 2021లో బ్లాక్ ఫంగస్ రోగులను చూసి నేర్చుకున్నాం.

మా అత్త

ఇప్పుడు చెప్తా. మా నాన్న చెల్లెలు. మామ పోయి ఇరవై ఏళ్ళు. ఎకరంన్నర చేను, రెండు బర్రెలు, ఒంటి బతుకు. కొడుకు బెంగుళూరులో. షుగరు ఉంది. 2021 మేలో జ్వరం వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ. టెస్టు చేయించుకుందాం రా అత్తా అంటే, "ఆస్పత్రికి పోతే కవర్లో చుట్టి పంపుతారంట అబ్బయ్యా, నేను రాను. నువ్వు కాసిచ్చే కషాయం చాలు" అన్నది. 1897లో పూనాలో జనం భయపడింది కూడా ఇదే గదా.

నేనూ గట్టిగా అడగలేదు. నిజం చెప్తున్నా. అడ్వాన్సు ఎక్కడ తేవాలి అనే ఆలోచన నా మనసులోనూ ఉంది. కషాయం కాయడం నాకు తేలిక. పొద్దున, సాయంత్రం గ్లాసుడు పోసేవాణ్ణి. తాగినాక చెమట పట్టేది, ఒళ్ళు తేలికైందిరా అనేది. ఇద్దరం తగ్గుతుందనుకున్నాం. ఐదో రోజు బాగానే మాట్లాడింది, బర్రెకు నీళ్ళు పెట్టినావా అని అడిగింది. ఏడో రోజు పొద్దున ఆశా అక్క వచ్చి వేలికి మిషను పెడితే 82 చూపించింది. ఆక్సిజన్ పడిపోతున్నా కొందరికి ఆయాసం తెలియదంట. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. రెండు ఆస్పత్రుల్లో మంచం లేదన్నారు, మూడోచోట దొరికింది. మూడో రోజు పోయింది. ఆమె భయపడినట్టే కవర్లోనే వచ్చింది.

ముందే తీసుకుపోయి ఉంటే బతికేదని ఎవరూ రాసియ్యలేరు. ఆ డాక్టరును నేను అడిగినా. "నాలుగైదు రోజుల ముందు వచ్చి ఉంటే మా చేతిలో చేయడానికి ఏదో ఉండేది" అన్నాడు. అంతే. ఆ నాలుగైదు రోజులు కషాయం కాస్తా గడిపింది నేను. తిప్పతీగ మా అత్తను చంపిందని నేను అనను. తగ్గుతుందిలే అనే ధైర్యం ఇచ్చి మమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టింది. 1918లో ఇంట్లో కూర్చున్నా పోయేదేం లేదు, బయట కూడా ఏమీ లేదు కాబట్టి. 2021లో బయట ఆక్సిజన్ ఉంది, ఆ చవక మందు ఉంది. దొరకడం కష్టమే, కానీ ఉంది.

మళ్ళీ ఏదో ఒక జబ్బు వస్తది. ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా, కరోనా వచ్చినట్టే వస్తది. అప్పుడు కూడా మనం కషాయం కాస్తాం. కాయండి. నేనూ కాస్తా. కానీ ఇవి మాత్రం గుర్తుపెట్టుకోండి.

కషాయం తాగుతూనే టెస్టు చేయించండి, ఆశా అక్కకు చెప్పండి. ఒకటి చేస్తే రెండోది చేయకూడదని ఎవరూ చెప్పలేదు. వేలికి పెట్టే మిషను ఊరికి నాలుగు ఉండాలి. పొదుపు సంఘం వాళ్ళో, మన రైతులమో తలా కొంత వేసుకుంటే వస్తది. 94 కంటే తగ్గితే ఇంకో గ్లాసు పోసి చూద్దాం అనొద్దు, బండెక్కించండి. షుగరు, థైరాయిడ్, లివరు జబ్బు ఉన్నవాళ్ళకు తిప్పతీగ రోజూ పోయొద్దు. ఏ ఆకు తాగినా డాక్టరుకు దాచకుండా చెప్పండి. తిడతాడని దాస్తే నష్టం మనకే. తెలియని ఆకు, వీడియోలో చూసిన గింజ నోట్లో పెట్టొద్దు.

ఇంకొక్క మాట. ఆకు మన పెరట్లో ఉంది, ఆస్పత్రి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆస్పత్రి దగ్గరికి వచ్చిందాకా బీదవాడు ముందు ఆకునే నమ్ముతాడు. మన మండలానికి ఆక్సిజన్ ఉన్న ఆస్పత్రి కావాలని అడగడం కూడా వైద్యంలో భాగమే. ఓట్లప్పుడు సిమెంటు రోడ్డు అడుగుతాం, ఇది అడగం.

తిప్పతీగను నేను కోయలేదు, కంచె మీద అట్లాగే వదిలేసినా. మీ ఇంట్లో 1918 జబ్బు గురించి పెద్దవాళ్ళు చెప్పిన కథలుంటే కింద రాయండి. 2021లో మీ ఇంట్లో కూడా నాలాంటి రోజులు గడిచి ఉంటే, రాయగలిగితే అవీ రాయండి. ఈసారి ఒకళ్ళకైనా పనికొస్తది.